ఎర్రమ్మని పిలిచిన గొంతు

మా నాన్నమ్మ తల మీద చెయ్యి పెట్టి చెప్పమన్నా ఇదే చెబుతాను. కల కాదు. మందు తాగి లేను. పలాసలోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. నేను జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుని.

నాన్నమ్మ దొరికిన పిల్ల. పెద్ద గాలివాన వెలిశాక, ఎండుచేపల కోసం సముద్రపు ఒడ్డుకి బండి కట్టుకెళ్లిన నందిగాం రైతు ఒకాయనకి ముంజేతి మీద పచ్చబొట్టుతో ఇసుకలో పడి కనిపించింది. భయంతో మాట పోయిందట. పేరు కూడా చెప్పలేకపోయింది; మాట తిరిగొచ్చేనాటికి అవేవీ గుర్తులేవు. ఆయనే తెచ్చుకుని, వరదమ్మ అని పేరు పెట్టి పెంచాడు. ఏ ఊరి దగ్గర దొరికిందంటే... సోంపేట దాటాక ఎక్కడో, అనేవాడట. అంతే.

ముసలితనంలో జబ్బు పడ్డాక ఒకరోజు నన్ను పిలిచి, "నన్ను కన్నదెవులో తెలీకుండానే ఎలిపోతానేటిరా?" అంది.

ఆ మాట నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. ఆదివారం వస్తే చాలు, మోపెడ్ వేసుకుని ఉద్దానం పల్లెలు తిరిగేవాణ్ణి. గాలివానలో ఆడపిల్ల తప్పిపోయిన ఇల్లేదైనా ఉందా అని ముసలివాళ్లని అడిగేవాణ్ణి. కొందరు జాలిపడ్డారు. కొందరు నవ్వారు.

ఆ ఆదివారం ఒడ్డున ఉన్న ఆఖరి పల్లెకి బయల్దేరాను. దారిలోనే చీకటి పడింది. అమావాస్య. కరెంటు లేదు. సరుగుడు తోట మధ్య ఇసుకబాటలో మోపెడ్ చక్రం కూరుకుపోయింది. ఇంజను ఆపేశాను.

సముద్రం హోరు... సరుగుడు కొమ్మల్లో సన్నగా, ఈల వేసినట్టు గాలి... కాసేపటికి ఆ గాలి కూడా ఆగింది.

అప్పుడు వినిపించింది.

"ఎర్రమ్మా... ఓలమ్మీ ఎర్రమ్మా..."

ఆడగొంతు. అన్నం వేళకి పిల్లని ఇంటికి పిలిచే గొంతు. కోపం లేదు... విసుగూ లేదు. సముద్రం వైపు నుంచి వస్తోంది. అటు ఇళ్లు లేవు. ఇసుక, మొగలి పొదలు, నీళ్లు. అంతే.



మళ్లీ పిలిచింది. ఈసారి దగ్గరగా... కేక వెయ్యక్కర్లేనంత దగ్గరగా. చీకట్లో పిలిస్తే పలకకూడదని చిన్నప్పటి నుంచీ విన్నదే. పళ్లు బిగబట్టాను. మూడోసారి పిలిచేసరికి... నా నోరు నా మాట వినలేదు.

"ఓయ్," అన్నాను.

ఆగిపోయింది. ఠక్కున. ఆ నిశ్శబ్దానికే ఎక్కువ భయమేసింది. మోపెడ్ అక్కడే పడేసి పరుగెత్తాను. పల్లెలో దీపం కనిపించిన మొదటి గుమ్మం ఎక్కేశాను.

లోపల ఒక ముసలామె, వల బాగుచేసుకుంటున్న ఆమె కొడుకు.

"ఏటి బాబూ, ఏటైనాది?" అంటూ ఆమె చెంబుతో నీళ్లు తెచ్చింది.

"తోటలో ఎవులో పిలుస్తన్నారు. ఎర్రమ్మంటే ఎవులమ్మా?"

చెంబు పట్టుకున్న చెయ్యి అలాగే ఆగింది. కొడుకు తలెత్తి చూశాడు.

"ఆ పేరు నీకెవులు సెప్పినారు?" అందామె. "ఈ ఊల్లో ఆ పేరు ఎవులికీ నేదు. నా సెల్లిది. గాలివానలో తప్పిపోనాది. అమ్మ దాన్ని ఎతుక్కుంటా ఒడ్డుకెల్లి... అదీ రానేదు, అమ్మా రానేదు."

అప్పుడు చూశాను, దీపం వెలుగులో ఆమె ముంజెయ్యి. పచ్చబొట్టు. తలకిందులుగా ఉన్న చేప, తోక దగ్గర మూడు చుక్కలు. అచ్చం అలాంటి పచ్చబొట్టు ఉన్న చేత్తోనే నాకు నాన్నమ్మ అన్నం తినిపించి పెంచింది.

"మీ సెల్లి బతికే ఉందమ్మా," అన్నాను. "మా ఇంట్లోనే ఉంది."

మర్నాడే నాన్నమ్మని ఆటోలో తీసుకెళ్లాను. అక్కాచెల్లెళ్లు చేతులు పక్కపక్కన పెట్టుకుని చూసుకున్నారు. ఆడపడుచు వచ్చిందని పసుపు రాసి, కొత్త చీర కట్టి, డప్పులతో వాడంతా తిప్పారు. మంచం దిగలేనన్న మనిషి నా చెయ్యి విదిలించుకుని అందరికన్నా ముందు నడిచింది. ఎదురైనవాళ్లందరికీ ఒకటే మాట: "నాను ఈ ఊరిదాన్నే."

ఆ పిలుపు సంగతి ఇంటింటా అడిగాను. ఆ వేళ తోటవైపు ఏ ఆడమనిషీ వెళ్లలేదన్నారు. గాలి అనుకుందామంటే... గాలి అప్పటికే ఆగిపోయింది కదా.

తిరిగి వచ్చేటప్పుడు నాన్నమ్మకి అంతా చెప్పాను. భయపడుతుందనుకున్నాను.

"నువ్వు పలికినాక మల్లీ పిలిసినాదేటి?" అంది.

"లేదే."

"అయితే నీ పలుకు ఇన్నాదిలే," అని ఆటో కమ్మీకి తల ఆనించి హాయిగా నిద్రపోయింది.

ఆ గొంతు ఎవరిదో ఆమెకి అనుమానమే లేదు. నాకు మాత్రం... ఇప్పటికీ తెలియదు.