బుదైయా ఇంట్లో కంచు సముద్రుడు

గల్ఫ్‌లో, బుదైయా అనే ఊళ్లో నేను పనిచేసిన విల్లాలో, పడకగది అలమరా పక్కన ఒక కంచు బొమ్మ ఉండేది. మూరెడు ఎత్తు, గుబురు గడ్డం, చేతిలో మూడు మొనల శూలం. మొదటిరోజు దుమ్ము తుడవబోయి, శివుడనుకుని చెంపలేసుకుని దణ్ణం పెట్టాను. తీరా చూస్తే మెడలో పాము లేదు. పాదం కింద నోరు తెరుచుకున్న పెద్ద చేప. ఒంటిమీద నూలుపోగు లేదు. గదిలో ఒక్కదాన్నే ఉన్నా నాకే సిగ్గేసి, నా చేతిరుమాలు తీసి దాని నడుముకు కట్టేశాను.

ఆ ఇంట్లో ఒక ముసలావిడ, నేను, బయట గదిలో డ్రైవరు, అంతే. కొడుకు మనామాలో వేరే ఉండేవాడు. ఆవిణ్ణి నేను మామా అని పిలిచేదాన్ని. అరబ్బీలో అమ్మ అని అర్థమట. వచ్చీరాని హిందీలో ఆవిడా, అంతకంటే అధ్వానపు హిందీలో నేనూ. రోజు మొత్తం మీద మా ఇద్దరి మధ్యా పట్టుమని పది మాటలు దొర్లేవి కావు. తెలుగు వినపడేది ఫోన్లోనే, అదీ సెలవు రోజున.

ఆ మొదటిరోజు సాయంత్రం మామా గట్టిగా కేకేసింది. ఉద్యోగం ఊడిందనుకుంటూ వెళ్లాను. ఆవిడ మంచం మీద కూర్చుని, ఆ రుమాలు చూసి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుతోంది.

"సిగ్గేసిందా?"

తలూపాను.

"నాకూ వేసింది. పెళ్లైన కొత్తలో మా ఆయన దీన్ని ఇటలీ నుంచి తెచ్చాడు. నేను గుడ్డ కట్టేదాన్ని. ఆయన విప్పేవాడు. ఇంటికి చుట్టాలొస్తే అలమరాలో దాచేదాన్ని." బొమ్మ వైపు చూపిస్తూ చెప్పింది. "అయిదొందల ఏళ్ల కిందట పోతపోసిన బొమ్మ. అక్కడి పాతకాలం వాళ్లకి ఇతను సముద్రానికి మాలిక్."

సముద్రానికి యజమాని అన్న ఆ మాట నన్ను వదల్లేదు. మా ఊళ్లో సముద్రమంటే గంగమ్మ తల్లి. పడవ నీళ్లలోకి తోసేముందు ఆ తల్లికే మొక్కుతాం. నా భర్త అలా మొక్కే వేటకి వెళ్లాడు. పడవ తలకిందులై ఒడ్డుకు కొట్టుకొచ్చింది. మనిషి రాలేదు. శవం దొరకలేదు కాబట్టి గాజులు తియ్యొద్దని అత్త పట్టుబట్టింది. తల్లిని ఎవరు తిడతారు? నా కోపమంతా మింగుకుని గల్ఫ్ వచ్చాను.

ఇప్పుడు నా ఎదుట సముద్రం మగవాడి రూపంలో నిలబడింది. మర్నాడు బొమ్మ వీపు తుడుస్తూ, "మా వోణ్ణి ఎక్కడ దాచావురా?" అని గొణిగాను. ఆ తర్వాత అదే అలవాటైంది. భుజాల దగ్గర, మోకాళ్ల దగ్గర నలుపు అరిగి లోపలి పసుపు మెరుస్తుండేది. అక్కడే రుద్దుతూ అడిగేదాన్ని. రానురాను గొంతు పెరిగింది. ఒకనాడు వెనక్కి తిరిగితే గుమ్మంలో మామా నిలబడి ఉంది.

"ఎవరితో పోట్లాడుతున్నావు?"

నాకొచ్చిన హిందీలో అంతా చెప్పేశాను. ఆవిడ వచ్చి మంచం మీద కూర్చుంది. తర్వాత తన నాయనమ్మ సంగతి చెప్పింది. ముత్యాల కోసం మగవాళ్లు నెలల తరబడి నడిసముద్రంలో మునిగే కాలమట. వాళ్లు తిరిగిరావడం ఆలస్యమైతే ఆడవాళ్లంతా ఒడ్డుకు చేరి, ఎండు ఖర్జూరపు మట్టలతో నీళ్లని కొడుతూ, బుద్ధి తెచ్చుకోమని సముద్రాన్ని తిట్టేవారట.

"బొమ్మనెందుకు తిట్టడం? యల్లా, పద!"

డ్రైవరు మమ్మల్ని బుదైయా ఒడ్డుకు తీసుకెళ్లాడు. పొద్దుగూకుతోంది. మా ఊరి సముద్రంలా అరవదది, పళ్లెంలో పోసినట్టు ఉంటుంది. తోటలోంచి తెచ్చిన మట్టతో మామా నీళ్లని ఒక్కటేసి, "తిట్టు" అంది.

మట్ట అందుకుని నేనూ ఒకటేశాను. తర్వాత నోరు ఆగలేదు. "ఏరా, నీకు కడుపు నిండలేదా? నిన్ను నమ్ముకునే బతికినోడు కదరా! ఆడి ఎముకైనా ఒడ్డుకెయ్యలేకపోయావా?" డ్రైవరు మొహం అటు తిప్పుకున్నాడు. ఒక్క మాట అర్థం కాకపోయినా మామా నా చెయ్యి పట్టుకునే నిలబడింది.

తేలికపడ్డానని చెప్పలేను. కానీ మర్నాడు నా అంతట నేనే గాజులు తీసి పెట్టెలో పెట్టేశాను.

ఏడాది తిరక్కుండా మామా మంచాన పడింది. కొడుకు తన ఇంటికి తీసుకెళ్లిపోయాడు. బొమ్మని విదేశంలో ఏదో మ్యూజియానికిచ్చాడు. తెల్ల చేతితొడుగుల మనిషొకడు వచ్చి, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తి చెక్కపెట్టెలో పడుకోబెట్టాడు. నాకు జుఫైర్‌లో ఒక హోటల్ బట్టలుతికే విభాగంలో పని దొరికింది. గదిలో నాతో ఉన్నవాళ్లెవరికీ తెలుగు రాదు.

ఒక శుక్రవారం మామాని చూడ్డానికి మనామా వెళ్లాను. కిటికీ పక్కన కుర్చీలో ఉంది. నన్ను చూసి కొడుకుని ఏదో అడిగింది.

"ఎవరీవిడ అంటోంది. ఎవర్నీ గుర్తుపట్టడం లేదిప్పుడు," అన్నాడతను.

"పర్లేదు సార్," అని కింద కూర్చుని ఆవిడ కాళ్లు పట్టాను. ఆవిడ కాదనలేదు. కాసేపటికి అలాగే నిద్రపోయింది. చప్పుడు కాకుండా లేచి, ఎండలో నడుచుకుంటూ బస్టాపు దాకా వచ్చి, జుఫైర్ బస్సెక్కాను.