హగ్గయి అడిగిన మాట

అమెరికాలోని ట్రాయ్ ఊళ్ళో తెలుగు క్రైస్తవులు ఒకప్పుడు పాత ఇటుకల హాలు ఒకటి అద్దెకు తీసుకుని ఆరాధన జరుపుకునేవారు. ఒంగోలు నుంచి నర్సుగా వచ్చిన కృపావరం ఏళ్ళ తరబడి అక్కడ పాట ఎత్తుకుంది. కోవిడ్ రోజుల్లో ఆ హాలు అమ్ముడుపోయింది. ఆరాధన జూమ్‌లోకి మారింది. తర్వాత చాలామంది పెద్ద ఇళ్ళు కొనుక్కున్నారు గానీ, కూడుకోవడానికి చోటు మాత్రం ఎవరూ వెతకలేదు.

ఒక ఆదివారం పాస్టర్‌గారు హగ్గయి ప్రవక్త గురించి చెప్పారు. బబులోను చెర నుంచి యెరూషలేముకు తిరిగొచ్చిన యూదులు తమ ఇళ్ళకు చెక్క పలకలతో తాపడం చేయించుకుని, కూలిన మందిరాన్ని అలాగే వదిలేశారట. మీ ఇళ్ళు సరే, నా ఇంటి సంగతేమిటని దేవుడు ఆయన చేత అడిగించాడట. స్క్రీన్ నిండా వీడియో ఆపేసిన నల్లటి గడులే. కృపావరం లాప్‌టాప్ మూసి బేస్‌మెంట్‌లోకి దిగింది. భర్త ప్రభుదాస్ హోమ్ థియేటర్ గోడలకు వాల్‌నట్ చెక్క పలకలు బిగిస్తున్నాడు.

"ఏవండీ, వచ్చే ఆదివారం అందర్నీ ఇక్కడికి రమ్మందాం."

"ఇంకా ఫినిష్ కాలేదు. కార్పెట్ కూడా కొత్తది," అన్నాడాయన.

"హగ్గయి అడిగింది మననే కదండీ."

శనివారం ఆయనే రిక్లయినర్ సోఫాలు గరాజ్‌లోకి జరిపి, మడత కుర్చీలు తెచ్చి వేశాడు.

వచ్చింది కొద్దిమందే. కృపావరం పాట ఎత్తుకుని పల్లవి దగ్గరే ఆపేసింది. హాల్లో పల్లవి పైకప్పు దాకా లేచి మళ్ళీ మీద వాలేది. ఇక్కడ కార్పెటే దాన్ని మింగేసింది. ఆమె వెళ్ళి మెట్ల మీద కూర్చుంది.

నైనిక వెనకే వచ్చింది. అమెరికాలోనే పుట్టిన పిల్ల, ఉద్యోగం కోసం కమ్మింగ్ అనే ఊరి నుంచి కిందటేడే ట్రాయ్ వచ్చింది. ఎందుకు ఏడుస్తున్నారని అడిగింది.

"యూదుల్లో మొదటి మందిరం చూసిన ముసలివాళ్ళకి మళ్ళీ కడుతున్న కొత్తది ఏపాటిగానూ ఆనలేదమ్మా. హగ్గయి అదీ కనిపెట్టాడు. ధైర్యంగా ఉండండి, దేవుడు మీకు తోడున్నాడు అన్నాడు. నాకు ధైర్యం ఉంది. ఆ హాలు మీద బెంగే పోవట్లేదు."

"నేను ఆ హాల్ చూడలేదు, ఆంటీ. మిమ్మల్ని స్క్రీన్‌లోనే చూశాను. మీ పక్కన నిలబడి పాడాలి అని ఉండేది నాకు."

కృపావరం కళ్ళు తుడుచుకుని లేచింది.

అప్పటినుంచి ప్రతి ఆదివారం అక్కడే కూడుకుంటున్నారు. పాట నిలవడం లేదని ప్రభుదాసే కార్పెట్ పీకించేశాడు. నైనిక ఆమె పక్కనే నిలబడుతుంది, పదాలు తడబడినా గొంతు కలుపుతుంది. పాట బాగానే సాగుతోంది. అయినా చరణం అందుకునే ముందు, టెక్సస్ వెళ్ళిపోయినవాళ్ళ, ఊళ్ళోనే ఉండి రానివాళ్ళ గొంతుల కోసం కృపావరం చెవులు వెతుక్కుంటూనే ఉంటాయి.