ఇంటర్వ్యూకి వెళ్లిన దుప్పటి

పిల్లలూ, మీ అమ్మకి ఉద్యోగం ఎలా వచ్చిందని మొన్న ఫోన్లో అడిగారుగా. తననడిగితే రెండు ముక్కల్లో తేల్చేస్తుంది. నేను చెబుతాను.

అప్పట్లో నేను రోజూ బందరు నుంచి పెడన వెళ్లి, కలంకారీ షెడ్డులో బట్టల మీద అద్దకం పని చేసేదాన్ని. ముందు నల్ల గీతల అచ్చు వేస్తాం. తర్వాత రంగుకో చెక్క అచ్చు. ఏ రంగు వేసినా ఆ నల్ల గీతల్నే చూసి పెట్టాలి. మీ అమ్మ ఏడో క్లాసు సెలవుల్లో నాతో వచ్చి, రోజుకో రంగు చొప్పున ఒక దుప్పటి అద్దింది. ఎరుపుని నలుపు చూసి పెట్టింది. పసుపుని ఎరుపు చూసి పెట్టింది. ఆకుపచ్చకి పసుపుని చూసుకుంది. నా పనిలో పడి నేను గమనించలేదు. తీరా చూస్తే ఆకులన్నీ పువ్వుల్ని వదిలేసి పక్కకి పోయాయి.

"ఏవిటే ఇది, మొగ్గ ఒకచోట, తొడిమ ఒకచోట?"

"కొంచెమేగా అమ్మా జరిగింది!"

"కొంచెం మీద కొంచెం, దాని మీద ఇంకొంచెం. ఎప్పుడూ మొదటి గీతనే చూడాలి, పక్క రంగుని కాదు."

అమ్మకానికి పనికిరాక దాన్ని ఇంటికి తెచ్చుకున్నాం. డాబా మీద వడియాలు పెట్టడానికి వాడేదాన్ని.

మీ అమ్మ గుడ్లవల్లేరులో ఇంజినీరింగు చదివింది. రెండు కంపెనీల ఇంటర్వ్యూల్లో పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పి వచ్చింది. ఇద్దరూ వద్దన్నారు. మూడోది కంప్యూటర్లలో పెట్టే చిప్‌లు తయారుచేసే కంపెనీ, విజయవాడలో ఇంటర్వ్యూ. అదీ పోతే గుడివాడ కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పడానికి చేరిపోవాలని మీ తాతయ్య ఖాయం చేసేశారు.

ఇంటర్వ్యూ రోజు సాయంత్రం మొహం వేలాడేసుకుని వచ్చింది.

"చిప్ మీద పొర మీద పొర అచ్చు వేస్తారమ్మా. ఒక్కో పొరా కాస్త జరిగితే చివరికి ఏమవుతుందని అడిగారు. పుస్తకంలో లేదు. ఏం తోచక మన దుప్పటి సంగతి చెప్పేశాను."

"చిప్‌ల వాళ్ల దగ్గర దుప్పట్లా! ఇక గుడివాడ బస్సెక్కు తల్లీ," అన్నారు తాతయ్య.

"నవ్వారా?" అన్నాను.

"లేదు. రాసుకున్నారు."

పది రోజులకి ఉత్తరం వచ్చింది, ఆఖరి ఇంటర్వ్యూకి బెంగుళూరు రమ్మని. అడుగున ఎవరో చేత్తో రాశారు, ఆ దుప్పటి ఉంటే తెమ్మని.

నాకు సిగ్గేసింది. అంత పెద్దవాళ్ల ముందు మా ఇంటి తప్పు పరుస్తామా? నేనద్దిన మంచి దుప్పటి ఇస్త్రీ చేసి, చెప్పకుండా సంచిలో పెట్టాను. బయల్దేరే ముందు రోజు మీ అమ్మ సంచి విప్పి చూసింది.

"ఇదేంటమ్మా?"

"అదంతా వడియాల వాసన. ఇది తీసుకెళ్లు, అందంగా ఉంటుంది."

"అందం వాళ్లకెందుకమ్మా? తప్పెక్కడ మొదలైందో చూపించాలి నేను."

పాతదే ఉతికించి పట్టుకెళ్లింది.

అక్కడ దాన్ని బల్ల మీద పరిచారట. ఒక పెద్దాయన స్కేలు పెట్టి ఏ రంగు ఎంత జరిగిందో కొలిచాడట. మొదటి గీతనే చూడాలని నీకెవరు చెప్పారని అడిగాడట. "మా అమ్మండీ, అద్దకం పని చేస్తుంది," అందట.

ఉద్యోగం ఇచ్చారు.

చిన్నప్పుడు మీరిద్దరూ నాకంటే నాకని కొట్టుకున్న దుప్పటి అదే. ఆ మంచిది నా బీరువాలోనే ఉంది, ఇస్త్రీ మడత చెదరకుండా. దాన్ని ఇంతవరకు ఎవరూ అడగలేదు.