సీటు వేడెక్కే కారు

అగ్యేకుమ్ మామ కారు కొందామని వచ్చి తిట్లు తిని పోయినవాళ్ళను ఒకరి వెనక ఒకరిని నిలబెడితే, మొదటివాడు కుమాసి మెకానిక్కుల పేటలో ఉంటాడు, చివరివాడు రెండొందల కిలోమీటర్ల అవతల సముద్రంలో పీకల్లోతున ఉంటాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ నీలం రంగు జర్మన్ కారు అద్దం వెనక "అమ్మబడును" అట్ట ఉంది. అట్ట నాలుగుసార్లు మారింది. కారే చేతులు మారలేదు.

అందరికన్నా ఎక్కువ తిట్లు తిన్నవాడు పాత సామాన్ల కొట్టు ఫోసు. ఆ కారు ఓడ దిగివచ్చిన ఏడాదే వాడు బడి మానేశాడు. చదివిన పాఠాలన్నీ పోయాయిగానీ ఆ నీలం రంగు మాత్రం కళ్ళలోంచి పోలేదు. పైగా ఇప్పుడు తొందరొచ్చింది. వచ్చే శనివారం తండ్రి సంవత్సరీకం. కుమాసిలో ఇలాంటివాటికి నల్లబట్ట కట్టుకుని ఏ బండిలోంచి దిగావన్నది పదేళ్ళు చెప్పుకుంటారు. తల్లి అఫ్రాకోమాను ఆ కారు వెనక సీట్లో, తెరల చాటున కూర్చోబెట్టి, నలుగురూ చూస్తుండగా దింపాలని వాడి కోరిక.

"పాతబడేకొద్దీ ధర తగ్గాలి గదా మామా! నువ్వేంటి, ఏటేటా పెంచుతావు?"

"నువ్వూ పాతబడ్డావు. తగ్గావా?" అని మామ వాడి పొట్టకేసి చూశాడు. "ఆ డ్యాష్‌బోర్డు చెక్క చూడు, జర్మనీ అడవిది. ఏసీ వేస్తే లోపల చేప వారమైనా పాడవదు. ఇక అసలు సంగతి. వెనక సీటు వేడెక్కుతుంది."

సరిగ్గా ఇక్కడే ప్రతివాడూ నవ్వుతాడు. హెడ్మాస్టరు నవ్వాడు, తిట్లు తిని పోయాడు. పాస్టరుగారు దగ్గినట్టు నటించాడు, ఆయనా పోయాడు. ఫోసు అయితే ఆరుసార్లు నవ్వాడు. "ఈ ఎండలో సీటు వేడెక్కడమేంటి మామా? గుడ్లు పొదగడానికా?"

"బండి అమ్మను. ఫో!"

ప్రతిసారీ ఫోసు పోతూ పోతూ ఆ కారు బానెట్‌ను పసిదాని తల నిమిరినట్టు నిమిరి, సందు మలుపులో ఆగి వెనక్కి చూసేవాడు.

ఏడోసారి నవ్వకూడదని అద్దం ముందు మూడు రోజులు సాధన చేసి వచ్చాడు. ఇంజను నడుస్తున్న కారు ముందు నిలబడి, పెళ్ళిచూపుల పెళ్ళికొడుకులా ముఖం పెట్టాడు.

"సీటు వేడెక్కుతుందన్నమాట. మంచిదే మామా. సీటులోని ఆ తీగలు పీకించేసి స్పీకర్లు పెట్టిస్తాను."

మామ తిట్టలేదు. అదే వింత. వేలితో వెనక కిటికీ చూపించాడు. తెర వెనక నుంచి సన్నగా గురక వస్తోంది. ఫోసు తలుపు తీశాడు. లోపల వాళ్ళమ్మ, సీటుకు నడుము ఆనించి హాయిగా నిద్రపోతోంది. అవతల బల్ల మీద మరో ముగ్గురు ముసలమ్మలు తమ వంతు కోసం కూర్చుని ఉన్నారు.

"అమ్మా! నువ్విక్కడేంటే?"

"వారానికి మూడు రోజులు ఇక్కడే. నడుం నొప్పికి దీన్ని మించింది లేదురా. తలుపెయ్యి, వేడి పోతుంది."

"నాకు చెప్పలేదేం?"

"నీకు చెబితే ఊరంతా తెలుస్తుంది. నా వంతు వచ్చేసరికి తెల్లారుతుంది."

ఫోసు మెల్లగా తలుపు వేశాడు. చెయ్యి మాత్రం ఆ నీలం రంగు మీదే ఉండిపోయింది. మామ చాలాసేపు ఆ చేతికేసి చూశాడు.

"శనివారం పొద్దున్నే రా అల్లుడూ. మీ అమ్మ ఎలాగూ వెనకే ఉంటుంది. నా పక్కన ముందు సీటు ఖాళీ. అది వేడెక్కదు, ఏమనుకోకు."

ఆ శనివారం తండ్రి సంవత్సరీకానికి ఫోసు తల్లితో ఆ కారులోంచి ఎలా దిగాడో పేటంతా చూసింది. మర్నాటి నుంచి వాడు ఆగలేదు. అగ్యేకుమ్ మామ దేవుడనీ, వారానికి వందమంది ముసలమ్మల నడుములు నిలబెడుతున్నాడనీ తన కొట్టుకు వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. మాట మామ దాకా వెళ్ళింది.

"వంద కాదు, ఏడుగురు," అన్నాడు మామ. "అందులో ఇద్దరికి నడుం బాగానే ఉంది. కబుర్లకొస్తారు."