దీప్తి జవాబులు
చెన్నైలో కూర్చుని సముద్రం మీది విమానాలకు దారి చెప్పే దీప్తికి మాటలు తక్కువ. అంత దూరానికి రేడియో సరిగా వినపడదు, అన్నీ మెసేజీలే. ఇంధనం తరిగి తేలికైన విమానం ఇంకా పైకి పోతానంటుంది. పైన చమురు ఖర్చు తక్కువ. 'సరే' అనో 'కుదరదు' అనో ఆమె టక్కున కొడుతుంది. సెలవుకు గురజాలలో ఇంటికి వచ్చినా, అన్నం పెట్టనా అన్నా, అవే రెండు మాటలు.

"నర్సింగుకి వైజాగ్ పోతా నాన్నా," అని చెల్లెలు జాస్మిన్ మళ్లీ అడిగింది. మిరపకాయల తొడిమలు తీస్తున్న కృపావరం, "చూద్దాంలేమ్మా," అన్నాడు. ఆ పిల్ల లోపలికి వెళ్లిపోయింది.

"ఏదో ఒకటి చెప్పు నాన్నా. పైకి పోతానన్నదాన్ని కిందనే ఉంచితే చమురంతా దండగ," అంది దీప్తి.

కృపావరం చేతులు తుడుచుకుని ఫోన్ తీశాడు. నోటితో చెప్పలేక చాలాసేపు అక్షరాలు తడుముకున్నాడు. లోపల జాస్మిన్ ఫోన్ టింగుమంది.

'సరేనమ్మా, పో.'