రేవు ముందరి మోకు

మా ముత్తాత వంశధార గట్టుకు పెద్ద. వరద రోజుల్లో మొదటి మోకు ఆయన చేత్తో ముడి పడితేగాని ఊరివాళ్లెవరూ గట్టు పనికి దిగేవారు కారు. జమీందారు కచేరీలో ఆయనకు కుర్చీ వేసేవారు. తాత కాలంలో భూములు పోయాయి, కుర్చీ పోయింది. నాన్న ఊరి జనాన్ని వెంటబెట్టుకొని మలయాకు ఓడెక్కి, బటాంగ్ బెర్జుంటై దగ్గర ఏటి ఒడ్డున కొయ్య స్తంభాల మీద రేవు కట్టించాడు. చుట్టుపక్కల తోటల రబ్బరంతా మా రేవులోనే పడవలకెక్కేది. నాన్న ఎదురైతే తోట దొర గుర్రం ఆపేవాడు.

తర్వాత లారీల రోడ్డు పడింది. అమ్మ పోయింది, నాన్న పోయాడు. నాకు మిగిలింది ఆ రేవు, దానికి ఎగువగా ఒడ్డు మీదున్న ఇల్లు, ఎప్పుడో ఒకసారి వచ్చే పడవ.

ఆ ఏట్లో రేవుకు శత్రువు నీరు కాదు, నీటితో కొట్టుకొచ్చే మానులు. వానలు పడితే కొండల్లో కూలిన చెట్లు వేళ్లతో సహా దిగివచ్చి రేవు స్తంభాలను గుద్దేవి. అందుకని ఎగువన దుంగలను వరుసగా గుచ్చి, ఒక కొస మోకుతో ఒడ్డునున్న చెట్టుకు, రెండో కొస ఏట్లో పాతిన గుంజకు ఏటవాలుగా కట్టేవాళ్లం. మానులు ఆ దుంగలను రాసుకుంటూ నడి ఏటికి మళ్లిపోయేవి. చెట్టుకు వేసే ముడి మాత్రం మా ఇంటివాళ్లే వేయాలి, మా ఇంటివాళ్లే విప్పాలి. వంశధార ఒడ్డు నుంచి ఆ జనం బియ్యం మూటలతోపాటు మోసుకొచ్చిన ఆచారమది. పసుపు రాసి, మందారం పెట్టి, ఆ ఏడు ముడి నేనే వేశాను.

ఆ వానల్లో ఒక మహావృక్షం అడ్డం తిరిగింది. దాని తల ఎదుటి ఇసుకతిన్నెలో దిగబడింది, మొదలు మా దుంగలకు ఆనింది. వెనక వచ్చిన ప్రతి మానూ దానికి తగులుకొని ఏటికి తలుపు వేసినట్టయింది. నీరు వెనక్కి తన్ని, ఎగువనున్న కూలీల లైను ఇళ్లలోకి ఎక్కింది. మోకు కోస్తే చెట్టు కదులుతుంది, నీరు తీస్తుంది. కాని ఆ చెట్టు వచ్చి పడేది మా రేవు మీదే.

పొద్దున్నే లైను ఇళ్లవాళ్లందరూ వచ్చి నా మెట్ల కింద నిలబడ్డారు. నాన్నతో ఓడెక్కి వచ్చిన ముసలాయన ముందున్నాడు.

"నీల్లు మంచాలకంటినాయి బాబూ. మోకు కోసియ్యండి."

"కత్తి నీ చేతిలోనే ఉంది కదా."

"ఏటి బాబూ, అలగంటారు? తవరి ఇంటి ముడి నాను కోత్తే నా పిల్లలు బతుకుతారా?"

అతని భార్య తడిసిన చీర పిండుకుంటూ అంది. "ఒంశధారని ఆపినోరి మనవలు కదా తవరు! ఈ ఏటికా సంగతి తెల్దేమో, కూసింత సెప్పండి."

"నా కోడి అటకెక్కేసింది. రేపు నన్నూ రమ్మంటాదో ఏటో!" అన్నారెవరో. అంతా నవ్వారు. ఎవరూ కదల్లేదు.

వాళ్లలో ఒకరు కోస్తే బాగుండునని నేను చూశాను. నేను కోస్తానని వాళ్లు చూశారు. మధ్యాహ్నం దాకా అలాగే వానలో నిలబడ్డాం. లైను ఇళ్ల నుంచి ఒక తట్టా, ఒక చాపా తేలుతూ వచ్చి దుంగలకు తగులుకున్నాయి. ముసలాయన అప్పటికీ కత్తి పిడి నావైపు పెట్టే నిలబడి ఉన్నాడు. దిగి వెళ్లి అందుకున్నాను.

మోకు తెగగానే చెట్టు నెమ్మదిగా పక్కకు తిరిగింది. రేవు విరిగిన చప్పుడు పెద్దదేమీ కాదు. ముసలామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కాసేపటికి చిప్పలో గంజి తెచ్చి, "తాగండి బాబూ" అంది. మా ఇంట్లో ఎవరూ కూలీల ఇంటి గంజి తాగలేదు. వద్దన్నాను. ఆమె మళ్లీ అడగలేదు.

సాయంత్రం లైను ఇళ్ల మీద పొగ లేచింది. బురద ఎత్తిపోసుకుంటూ ఒకరినొకరు కేకలేసుకోవడం నా అరుగు మీదికి వినిపించింది. పిలవందే మా మెట్లెక్కడం వాళ్ల మర్యాద కాదు. పిలవడం నాకు చేతకాలేదు. దీపం ఒకటే వెలిగించుకున్నాను.

వానలు వెలిశాక, ఏట్లో మిగిలిన స్తంభాలనూ, ఇంటి తలుపులనూ క్లాంగ్ నుంచి వచ్చిన చీనా కలప వ్యాపారికి అమ్మేశాను.