మందు తిన్న చేప గెంతదు

నిన్న మా పాప బీచ్‌లో దొరికిన నాలుగు పలకల కాయ ఒకటి ఇంటికి తెచ్చింది. "పారెయ్!" అని అరిచాను. పాప బిక్కచచ్చిపోయింది.

మాయాబందర్‌లో నాతో పెరిగినవాళ్ళకి ఈ కాయ గుర్తుండే ఉంటుంది. మా తాత దీని గింజ తురిమి, ఆటుకి సముద్రం నీళ్ళు తీసినప్పుడు రాళ్ళ మధ్య గుంటల్లో కలిపేవాడు. కాసేపటికి ఆ మందుకి చేపలు మత్తెక్కి, కదలకుండా తేలేవి. మనం బుట్టల్లోకి ఏరేవాళ్ళం.

సునామీ రోజు పొద్దున భూమి ఊగి ఆగాక, సముద్రం ఎప్పుడూ లేనంత దూరం వెనక్కి పోయింది. బురదలో ఎక్కడ చూసినా చేపలే.

"ఎవరో మందు కలిపారు, బుట్టలు తెండి!" అంటూ పక్కింటి దీదీ దిగింది. నేనూ దిగి ఒక చేపను పట్టుకున్నాను. అది నా చేతుల్లోంచి ఎగిరి పడింది.

తాత దాన్నే చూస్తూ నిలబడిపోయాడు.

"మందు తిన్న సేప గెంతదే అమ్మీ! ఇయ్యన్నీ గెంతుతున్నాయి. ఎవులూ మందెయ్యనేదు. బుట్ట పారెయ్, బేగి కొండెక్కు. దీదీ, భాగో!"

దీదీ నవ్వి, చెయ్యూపింది.

తాతతో కొండెక్కి వెనక్కి తిరిగి చూశాను. ఆమె ఇంకా వంగి చేపలు ఏరుకుంటూనే ఉంది. ఆమె వెనకాల సముద్రం తిరిగొస్తోంది.